ఐసీయూ నుంచి వార్డుకి వచ్చాక పేషెంట్‌ని ఎట్టా కనిపెట్టుకుని ఉండాలి

ఐసీయూ తలుపు తీసి సిస్టర్ బయటికొచ్చి "మీ పేషెంట్‌ని వార్డుకి మారుస్తన్నాం, సామాన్లు సర్దుకోండి" అన్న నిమిషం ఎట్టా ఉంటదో నాకు బాగా తెలుసు. వారం రోజులు మెట్ల పక్కన చాప పరుచుకుని పడుకున్నోళ్ల మొహాల్లో ఒక్కసారిగా కళొస్తది, ఊరికి ఫోన్లు పోతయ్, గండం గడిచిందంటారు, గొలగమూడి స్వామికి మొక్కు తీర్చుకోవాలంటారు, సాయంత్రానికి సగం మంది ఆత్మకూరు బస్సో కావలి బస్సో ఎక్కేస్తారు, పేషెంట్ దగ్గర ఎవరో ఒక పెద్దామె మిగులుద్ది. నేను పన్నెండేళ్లుగా నెల్లూరులో స్టాఫ్ నర్సుగా చేస్తన్నా, అందులో ఏడేళ్లు ఐసీయూ, మిగతాది వార్డు. రెండు పక్కలా చూసినదాన్ని కాబట్టి చెప్తన్నా, మనుషులు తోడు కావాల్సింది ఆ సాయంత్రం నుంచే.

ఎందుకంటే ఐసీయూలో ఒక నర్సుకి ఒకరో ఇద్దరో పేషెంట్లు, తల పక్కన మానిటర్, ఏదన్నా తేడా వస్తే అదే కూత పెడద్ది. వార్డుకొచ్చాక మానిటర్ ఉండదు, రాత్రి డ్యూటీలో ఒక సిస్టర్ చాలా బెడ్లు చూడాలి, బీపీ, పల్స్ నాలుగు గంటలకో ఆరు గంటలకో ఒకసారి చూస్తారు. మనిషి ఒళ్లు మాత్రం నిన్నటి ఒళ్లే. వేరే దేశాల లెక్కల్లో ఐసీయూ నుంచి బయటికొచ్చిన ప్రతి వంద మందిలో సుమారు నలుగురి నుంచి పది మంది దాకా అదే అడ్మిషన్‌లో మళ్లీ ఐసీయూకి పోతన్నారు, అట్టా తిరిగి పోయినోళ్లలో ప్రాణం మీదకొచ్చే కేసులు కూడా ఎక్కువే. మన దేశంలో ఆస్పత్రుల నాణ్యత చూసే ఎన్ఏబీహెచ్ అనే సంస్థ గుర్తింపు ఇచ్చేటప్పుడు కూడా 48 గంటల్లోపల ఎంతమంది వెనక్కి పోయారనేది ఒక లెక్కగా చూస్తారు. ఆ 48 గంటలు, ఇంకొంచెం జాగ్రత్తగా అయితే మూడు రోజులు, ఇంటోళ్లు ఏం చెయ్యాలో వరసగా రాస్తన్నా. ఇదంతా పెద్దోళ్ల లెక్క, పిల్లల నంబర్లు వేరుగా ఉంటయ్.

స్టెప్ 1: మార్చకముందే ఐసీయూ డాక్టర్‌ని పట్టుకోండి

ఇరవై రూపాయల నోట్ బుక్ ఒకటి, పెన్ను ఒకటి కొనుక్కోండి, ఫోన్లో రాసుకుంటాం అనబాకండి, రాత్రి మీరు పడుకుని ఇంకొకరు కూర్చున్నప్పుడు ఫోన్ మీతో ఉంటది, బుక్కు బెడ్ దగ్గర ఉంటది. అందులో మొదటి పేజీలో డాక్టర్ చెప్పినవి రాయండి. ఏ జబ్బుతో లోపలికి పోయారు, అందులో ఏది తగ్గింది, ఏది ఇంకా తగ్గలేదు. ఆక్సిజన్ ఎన్ని లీటర్ల మీద ఉన్నారు, సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, ఎంత ఉంటే చాలు. నోటితో తినొచ్చా లేదా. ఒంటి మీద ఏమేం పైపులు ఉన్నయ్, ఏది ఎప్పుడు తీస్తారు. ఇంట్లో వాడే బీపీ, థైరాయిడ్, ఫిట్స్, గుండె మాత్రల్లో ఐసీయూలో ఏవి ఆపారు, తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలి. ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. ఐసీయూలో ఆపిన థైరాయిడ్ మాత్ర ఇంటికి పోయాక కూడా ఎవరూ మొదలుపెట్టరు, ఐసీయూలో నిద్రకోసం రాసిన మాత్ర మాత్రం నెలల తరబడి నడస్తా ఉంటది, నేను ఇట్టాంటి చీటీలు చాలా చూశా.

మా పేషెంట్‌కి రిస్క్ ఎక్కువా అని కూడా సూటిగా అడగండి, తప్పేం లేదు. రిస్క్ ఎక్కువ ఉండేది ఎవరికంటే, వయసు పైబడినోళ్లు, వెంటిలేటర్ మీద నుంచి ఒకటి రెండు రోజుల కిందటే దిగినోళ్లు, ఇంకా ఆక్సిజన్ ఎక్కువ లీటర్లు కావాల్సినోళ్లు, గొంతుకి పైపు వేసినోళ్లు, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకి సెప్సిస్ అయినోళ్లు, కిడ్నీ దెబ్బతిన్నోళ్లు, ఎక్కువ రోజులు ఐసీయూలో ఉన్నోళ్లు, మత్తుగా ఉండి పూర్తిగా తెలివిలోకి రానోళ్లు. మన కనిగిరి, ఉదయగిరి పక్క నుంచి వచ్చేవాళ్లలో కిడ్నీ కేసులు ఎక్కువ, వాళ్లకి మిగతా అన్ని జాగ్రత్తలతో పాటు యూరిన్ లెక్క ముఖ్యం.

ఇంకొకటి, రాత్రిపూట మార్చడం. 2000 సంవత్సరంలోనే లాన్సెట్ పత్రికలో బ్రిటన్ ఐసీయూల మీద ఒక స్టడీ వచ్చింది, పగలు బయటికి పంపినోళ్ల కంటే రాత్రి పంపినోళ్లలో చనిపోయినోళ్లు ఎక్కువ అని, ఆ తర్వాత వేరే దేశాల్లో కూడా అదే మాట చాలాసార్లు తేలింది. రాత్రి పదింటికి "మారుస్తాం" అంటే "పొద్దునదాకా ఉంచే వీలుందా సార్" అని అడగండి. క్యాజువాలిటీలో ఇంకెవరికో బెడ్ అర్జంటుగా కావాలి అంటే అది కూడా ఒక ప్రాణమే, గొడవ పెట్టుకోబాకండి, కానీ రెండు మాటలు అడిగి ఒప్పించుకోండి: నేరుగా జనరల్ వార్డుకి కాకుండా మానిటర్ ఉండే బెడ్ ఏదన్నా ఉంటే అక్కడికి, లేదంటే వార్డుకి పోయిన గంటలోపల డ్యూటీ డాక్టర్ వచ్చి ఒకసారి చూసేట్టు.

స్టెప్ 2: వార్డులో బెడ్ ఎక్కిన మొదటి అరగంట

స్ట్రెచర్ మీద వచ్చేటప్పుడు ఆక్సిజన్ సిలిండర్ తెచ్చారా, బెడ్ దగ్గరకొచ్చాక గోడ పైపుకి మార్చి తిప్పారా, బుడగలు వస్తన్నాయా, చూడండి. హడావుడిలో పైపు తగిలించి నాబ్ తిప్పడం మర్చిపోయిన సందర్భాలు ఉన్నయ్.

తర్వాత సిస్టర్‌తో మొత్తం ఒకసారి చూపించుకుని బుక్కులో టైమ్ వేసి రాసుకోండి: ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లు, సాచురేషన్, ఆక్సిజన్ లీటర్లు, పల్స్, బీపీ, జ్వరం, మనిషి ఎట్టా మాట్లాడతన్నాడు. ఇది మీ మొదటి లైను. రేపు ఏది పెరిగింది ఏది తగ్గింది అని చెప్పాలంటే ఈ లైను లేకుండా ఏం చెప్తారు?

స్టెప్ 3: ఊపిరి లెక్కపెట్టండి, మిగతావన్నీ దీని తర్వాతే

దీనికోసమే ఇదంతా రాస్తన్నా అనుకోండి.

నాలుగేళ్ల కింద మా మేనమామ, అల్లూరు పక్కన పల్లె, న్యుమోనియాతో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆరు రోజులు ఐసీయూలో ఉన్నాడు, అందులో మూడు రోజులు వెంటిలేటర్. ఆ ఆస్పత్రి పేరు వద్దు. రాత్రి పదిన్నరకి వార్డుకి మార్చారు. నా డ్యూటీలు వేరే చోట, మర్నాడు రాత్రి ఒంటిగంటకి గానీ పోలేకపోయా. పోయేసరికి మా అత్త బెడ్ పక్కన స్టూల్ మీద కూర్చుని నోటి మీద వేలేసుకుని "ఇప్పుడే కన్ను మూశాడమ్మాయ్, పొద్దుటి నుంచి నిద్రే లేదు, లేపబాక" అంది. వేలికి పెట్టిన క్లిప్పులో 95 చూపిస్తంది. చూసేదానికి అంతా బాగానే ఉంది. కానీ కడుపు మీద దుప్పటి గబగబా లేస్తా పడతా ఉంది, ముక్కు రంధ్రాలు ప్రతి ఊపిరికీ విచ్చుకుంటన్నయ్, మెడలో వేసుకున్న రుద్రాక్ష గొంతు గుంటలోకి లోపలికి పోయి బయటికి వస్తంది. వాచీ పెట్టి లెక్కేశా, నిమిషానికి 34. కేస్ షీట్ తీసి చూస్తే సాయంత్రం ఆరింటికి ఊపిరి 20, పదింటికి 20, పన్నెండింటికి 20 అని రాసుంది. ఆక్సిజన్ మాత్రం పొద్దున 4 లీటర్లు ఉన్నది ఎవరో 8 కి పెంచి పెట్టున్నారు. క్లిప్పులో 95 ఎందుకు నిలబడిందో అప్పుడు అర్థమైంది. రెండుసార్లు ఫోన్ చేస్తే డ్యూటీ డాక్టర్ వచ్చాడు, ఎక్స్‌రే తీశారు, మూడింటికి మళ్లీ ఐసీయూ. మామ బతికాడు, పదకొండు రోజులకి ఇంటికొచ్చాడు, ఇప్పుడు చేను కాడికి పోతన్నాడు. కానీ ఆ షీట్లో వరసగా ఉన్న మూడు ఇరవైలు నాకు ఇప్పటికీ కళ్లలో మెదులుతా ఉంటయ్, మా అత్తకి ఎవరన్నా పది నిమిషాలు నేర్పించుంటే ఆమే సాయంత్రమే పట్టుకునేది.

ఎట్టా లెక్కపెట్టాలంటే, పేషెంట్‌కి చెప్పకుండా. చెప్తే ఊపిరి మార్చేస్తారు. చెయ్యి పట్టుకుని పల్స్ చూస్తన్నట్టు నటించి కళ్లు మాత్రం పొట్ట మీదో ఛాతీ మీదో పెట్టండి, ఒకసారి లేచి పడితే ఒకటి. పూర్తిగా ఒక నిమిషం చూడండి, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించబాకండి, అందులోనే తప్పొచ్చుద్ది. దగ్గతా ఉన్నా, మాట్లాడతా ఉన్నా, అప్పుడే లేచి కూర్చున్నా కాసేపాగి చూడండి. మామూలుగా 12 నుంచి 20 మధ్య ఉంటది. 21 నుంచి 24 వస్తే సిస్టర్‌కి చెప్పి అరగంటలో మళ్లీ లెక్కేయండి. 25, ఆపైన ఉంటే డాక్టర్ రావాలి. అట్టాగే 8, అంతకన్నా తక్కువ ఉన్నా అంతే అర్జంటు, మత్తు మందుల వల్ల అట్టా అవుద్ది. మొదటి రోజు రెండు గంటలకొకసారి, రాత్రి కూడా. ఇద్దరు ముగ్గురు వంతులేసుకుంటే ఎవరికీ భారం ఉండదు.

సాచురేషన్ గురించి రెండు మాటలు. చేతులు చల్లగా ఉన్నా, గోళ్లకి రంగు ఉన్నా, వేలు కదులుతా ఉన్నా క్లిప్పు తప్పు చూపిస్తది, వేలు రుద్ది వెచ్చగా చేసి నంబర్ నిలబడేదాకా ఆగి రాయండి. నంబర్ పక్కన ఆక్సిజన్ లీటర్లు కూడా తప్పకుండా రాయండి, లీటర్లు లేని సాచురేషన్‌కి అర్థం లేదు. మామూలు ఊపిరితిత్తులున్నోళ్లకి 94 పైన ఉండాలి, 91, అంతకన్నా తక్కువైతే వెంటనే పిలవండి. బీడీ, చుట్ట తాగి తాగి ఊపిరితిత్తులు పాడైన పెద్దోళ్లలో కొంతమందికి డాక్టర్లు 88 నుంచి 92 మధ్యే చాలంటారు, వాళ్లకి ఆక్సిజన్ ఎక్కువైతే మత్తులోకి జారిపోతారు. అందుకే నాబ్ మీరు ముట్టుకోబాకండి, పెంచాలన్నా తగ్గించాలన్నా సిస్టరే. అట్టాగే ఆక్సిజన్ పెట్టిన బెడ్ దగ్గర దేవుడి పటం పెట్టి అగరొత్తి వెలిగించబాకండి, భక్తిని ఎవరూ కాదనరు గానీ నిప్పు నిప్పే.

స్టెప్ 4: మిగతా నంబర్లు

లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లు 2012లో న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అని ఒక స్కోర్ తెచ్చారు, 2017లో దాన్ని సరిచేశారు. ఊపిరి, సాచురేషన్, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, పల్స్, తెలివి, జ్వరం, ఈ ఏడింటికీ మార్కులు వేస్తారు, మార్కులు పెరిగేకొద్దీ ప్రమాదం. మొత్తం 5 వస్తే డాక్టర్ త్వరగా చూడాలి, 7, ఆపైన వస్తే ఎమర్జెన్సీ, ఏ ఒక్కదానికి 3 పడినా డాక్టర్‌కి చెప్పాల్సిందే. మీరు మార్కులు వెయ్యక్కర్లేదు, 3 పడే గీతలు గుర్తుంటే చాలు. ఊపిరి, సాచురేషన్ పైన చెప్పా. పై బీపీ 90, అంతకన్నా తక్కువ. పల్స్ 131, ఆపైన, లేదా 40, అంతకన్నా తక్కువ. ఒళ్లు 35 డిగ్రీల సెల్సియస్, అంతకన్నా చల్లగా. కొత్తగా తికమక మాటలు, లేదా పిలిస్తే గానీ పలక్కపోవడం.

ఇక్కడ కొన్ని మెలికలున్నయ్. ఎప్పుడూ బీపీ 160 ఉండే మనిషికి 105 వచ్చిందంటే అది మామూలు కాదు, కాబట్టి ముందు ఎంత ఉండేదో చెప్పండి. గుండెకి మెటోప్రొలాల్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లకి ఒంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా పల్స్ పెద్దగా పెరగదు. పెద్ద వయసోళ్లకి ఇన్ఫెక్షన్ ముదిరినా జ్వరం రాకపోవచ్చు, ఒళ్లు చల్లబడి చెమటలు పట్టడమే గుర్తు కావచ్చు. "జ్వరం లేదు గదా" అని ధీమాగా ఉండబాకండి.

యూరిన్ బ్యాగ్ ఉంటే దాని మీద గీతలుంటయ్, ఆరు గంటలకొకసారి ఎంతుందో రాయండి. అరవై కిలోల మనిషికి గంటకి కనీసం 30 ఎం.ఎల్ రావాలి, అంటే ఆరు గంటలకి 180. తగ్గితే ముందు పైపు ఎక్కడన్నా మడత పడిందా, ఒంటి కింద నలిగిందా చూసి, అప్పటికీ తక్కువే ఉంటే చెప్పండి. బ్యాగ్ ఎప్పుడూ బెడ్ కంటే కిందనే వేలాడాలి, నేలకి తగలకూడదు. షుగర్ ఉన్నోళ్లు ఉన్నట్టుండి చెమటలు పట్టి మత్తుగా అయితే ముందు షుగర్ చూడమనండి, 70 కంటే కింద ఉంటే అది అక్కడికక్కడే సరిచెయ్యాల్సిన విషయం.

స్టెప్ 5: మనిషి తీరు మారిందా

నంబర్ల కంటే ముందు ఇంటోళ్లకే తెలిసేది ఇది. "ఈయన ఇట్టా ఉండడు సిస్టర్, ఏందో తేడాగా ఉంది" అని భార్య అంటే నేను ఆ మాటని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోను. పగలు నిద్ర, రాత్రి మేలుకోవడం, దుప్పటి పీకతా ఉండడం, గాల్లో ఏదో పట్టుకోబోవడం, చచ్చిపోయిన అన్న వచ్చాడనడం, సెలైన్ సూది లాగెయ్యడం, దీన్ని డెలీరియం అంటారు. గాలి సోకింది అని తాయెత్తుకి మనిషిని పంపించబాకండి, ఇన్ఫెక్షనో, ఆక్సిజన్ తక్కువో, సోడియం తగ్గడమో, మూత్రం ఆగిపోవడమో, మందులో, ఏదో ఒక కారణం ఉంటది, డాక్టర్ వెతకాలి. దీంట్లో రెండో రకం ఇంకా మోసం చేసుద్ది, మనిషి ఊరికే పడుకుని ఉంటాడు, అల్లరి చెయ్యడు, అడిగినదానికి ఆలస్యంగా పలుకుతాడు, అందరూ "బాగా రెస్ట్ తీసుకుంటన్నాడు" అనుకుంటారు. రెండు పూటలా "ఇది ఏ ఊరు, ఇవాళ ఏ వారం, నేనెవరు" అని అడగండి. కళ్లజోడు, చెవి మిషన్ ఇంటి నుంచి తెచ్చి పెట్టండి, పగలు కిటికీ తెరవండి, రాత్రి లైటు తగ్గించండి, రోజుకొకరు కాకుండా తెలిసిన మొహమే పక్కన ఉండేట్టు చూడండి.

పురుగుమందు కేసులకి ప్రత్యేకంగా

మన పక్క వరి, పొగాకు, మిరప, పత్తి ఉన్నచోట ఇది లేకుండా ఐసీయూ ఉండదు కాబట్టి విడిగా రాస్తన్నా. ఆర్గానోఫాస్ఫరస్ అనే రకం పురుగుమందు లోపలికి పోయినోళ్లు మొదటి రోజు గండం దాటి, తెలివిగా మాట్లాడి, కాఫీ కూడా అడిగి, ఆ తర్వాత సుమారు 24 నుంచి 96 గంటల మధ్య మళ్లీ ఊపిరి అందక పడిపోవచ్చు. దీన్ని ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు, 1987లో శ్రీలంక డాక్టర్లు దీనికి ఈ పేరు పెట్టి వివరంగా రాశారు. మొదట పట్టు తప్పేది మెడ. మూడు నాలుగు గంటలకొకసారి పేషెంట్‌ని వెల్లకిలా పడుకోబెట్టి "దిండు మీద నుంచి తల పైకెత్తు" అనండి. నిన్న ఎత్తి ఇవాళ ఎత్తలేకపోతే, రెప్పలు వాలిపోతా ఉంటే, మాట ముక్కులోంచి వస్తంటే, ఊపిరి పైపైన ఆడతంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు, వాళ్లకి మళ్లీ వెంటిలేటర్ కావాలి, టైమ్‌కి పెడితే చాలామంది కోలుకుంటారు.

ఆ మనిషిని ఎందుకు తాగావని వార్డులో అందరి ముందూ నిలదీయబాకండి. ఒంటరిగా కూడా వదలొద్దు, ఇంటికి పోయాక చేను మందులు తాళం వేసి పెట్టండి. మనసు విప్పి మాట్లాడేదానికి టెలీ మానస్ 14416 నంబర్ ఉంది, రోజంతా పనిచేసే ఫ్రీ నంబర్, తెలుగులో మాట్లాడతారు.

స్టెప్ 6: తినిపించే దగ్గర తొందరొద్దు

చూడొచ్చిన చుట్టాలు కొబ్బరి బోండాలు, బత్తాయిలు, ఇడ్లీ పొట్లం తెస్తారు, ప్రేమతోనే తెస్తారు. కానీ వెంటిలేటర్ పైపు గొంతులో రోజుల తరబడి ఉండి తీసేశాక చాలామందికి మింగే కండరాలు సరిగ్గా పనిచెయ్యవు, నీళ్లు తాగితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, కొంతమందికి దగ్గు కూడా రాదు. వార్డులో మళ్లీ న్యుమోనియా వచ్చేదానికి ఇదొక పెద్ద కారణం. డాక్టరో ఫిజియోనో మింగించి చూసి సరే అన్నాకే నోటికి పెట్టండి. నిటారుగా కూర్చోబెట్టి, పూర్తిగా మెలకువగా ఉన్నప్పుడే, చిన్న చెంచాతో, ఒక చెంచా మింగాక "ఆ" అనిపించండి, గొంతు తడిగా గుడగుడలాడితే ఆపేయండి. పల్చటి నీళ్ల కంటే చిక్కటి జావ చాలామందికి తేలిగ్గా దిగుద్ది, మీ పేషెంట్‌కి ఏది సరిపోద్దో అడగండి. ముక్కులో పైపు ఉంటే తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి, పోశాక కూడా అరగంట నుంచి గంట దాకా దించొద్దు. పైపు బయటికి జారినట్టు అనిపిస్తే అందులో ఏమీ పొయ్యబాకండి.

కొబ్బరి నీళ్లు అందరికీ మంచివి కావు. కిడ్నీ దెబ్బతిన్నోళ్లకి అందులో ఉండే పొటాషియం గుండె మీదకి తెచ్చుద్ది. బత్తాయి, అరటిపండు కూడా అంతే, అడక్కుండా ఇవ్వొద్దు.

పైపులు, పడక

ఇవి త్వరగా చెప్తా. సెలైన్ సూది చోట ఎర్రబడినా, మెడ దగ్గర లైను ఉన్నోళ్లకి మందు ఎక్కించిన కాసేపటికి చలి వణుకు వచ్చినా చెప్పండి. రెండు గంటలకొకసారి పక్కకి తిప్పండి, పిరుదుల దగ్గర, మడమల దగ్గర ఎర్రగా ఉందేమో చూడండి. ఒక కాలే వాచి నొప్పి పుడతంటే ఆ కాలు పిసకబాకండి, నూనె రాయబాకండి, అది రక్తం గడ్డ కావచ్చు, అక్కడి నుంచి ఊపిరితిత్తులకి పోతే ప్రాణాపాయం. దొడ్డికి నల్లగా తారులాగా వస్తే కడుపులో రక్తస్రావం అయ్యుండొచ్చు, ఆ రోజే చూపించండి. గొంతుకి పైపు ఉన్నోళ్లకి లోపల గరగర శబ్దం వస్తే వెంటనే సక్షన్ (కఫం లాగే మిషన్) పెట్టించండి, కఫం గట్టిపడి పైపు మూసుకుపోతే నిమిషాల్లో జరగరానిది జరుగుద్ది. మొదటిసారి నిలబెట్టేటప్పుడు ఇద్దరుండాలి, ముందు మంచం మీదే కాళ్లు వేలాడేసి ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, నేరుగా బాత్రూమ్‌కి నడిపించి పడేసుకున్న కేసులు నేనెన్నో చూశా.

స్టెప్ 7: ఎట్టా పిలవాలి

"ఆయాసంగా ఉంది ఒకసారి రండి" అంటే పది బెడ్ల మధ్య నలిగిపోతన్న సిస్టర్ "వస్తన్నా" అంటుంది, వచ్చేసరికి ఆలస్యం అవుద్ది. బుక్కు తీసుకుని పోయి ఇట్టా చెప్పండి: "సిస్టర్, 14వ బెడ్, నిన్న సాయంత్రం ఐసీయూ నుంచి వచ్చారు, పొద్దున ఊపిరి 20 ఉంది, ఇప్పుడు 30, రెండుసార్లు లెక్కేశా, ఆక్సిజన్ 4 నుంచి 8 కి పెంచారు, గంట నుంచి సరిగ్గా పలకడంలేదు, డాక్టర్‌ని పిలవండి." నంబరు, టైము, ముందెంత ఇప్పుడెంత. ఇట్టా చెప్తే నా దగ్గరికొచ్చినా నేను చేతిలో పని వదిలి పరిగెత్తుతా.

పావుగంటలో ఎవరూ రాకపోతే మళ్లీ పోండి, డ్యూటీ డాక్టర్ పేరు అడగండి, ఆ తర్వాత నర్సింగ్ సూపర్‌వైజర్, గవర్నమెంట్ ఆస్పత్రి అయితే ఆర్ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), అప్పటికీ కాకపోతే నిన్నటి దాకా చూసిన ఐసీయూ డాక్టర్ దగ్గరికే పోయి చెప్పండి, ఆయనకి మీ పేషెంట్ తెలుసు. అరవక్కర్లేదు, సెల్ ఫోన్ వీడియోలు తియ్యక్కర్లేదు, అవతలోళ్లు భయపడితే కేస్ చూడటం మానేసి గొడవ చూస్తారు. కానీ వెనక్కి తగ్గబాకండి కూడా. ఇంగ్లండ్‌లో మార్తా మిల్స్ అని 13 ఏళ్ల పాప 2021లో సెప్సిస్‌తో చనిపోయింది, బాగాలేదని అమ్మానాన్న చెప్తా ఉన్నా టైమ్‌కి ఐసీయూకి మార్చలేదు. ఆ తల్లిదండ్రులు పోరాడితే 2024 నుంచి అక్కడ మార్తా రూల్ వచ్చింది, పేషెంట్ దిగజారుతన్నాడని ఇంటోళ్లకి అనిపిస్తే పగలైనా రాత్రైనా వేరే టీమ్‌తో అర్జంటుగా చూడమని అడగొచ్చు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌లో ర్యాన్ రూల్ అని అట్టాంటిదే ఉంది. మన దగ్గర ఆ పేరుతో రూల్ లేకపోయినా అడిగే నోరు మీకుంది, అడగండి.

స్టెప్ 8: ఇంటికి పోయేటప్పుడు

ముందు డబ్బుల మాట. బిల్లు పెరిగిపోయి "ఇంక మావల్ల కాదు, తీసుకుపోతాం" అని సంతకం పెట్టి నేరుగా ఇంటికి తీసుకుపోయేవాళ్లు ఉన్నారు, వాళ్ల బాధ నాకు తెలుసు. అట్టాంటప్పుడు ఇంటికి కాకుండా నెల్లూరు పెద్దాసుపత్రికో ఒంగోలు రిమ్స్‌కో పంపమని అడగండి, ట్రాన్స్‌ఫర్ సమ్మరీ, ఎక్స్‌రేలు, కల్చర్ రిపోర్టులు చేతికి తీసుకుని, ముందుగా ఫోన్ చేయించి, ఆక్సిజన్ ఉన్న అంబులెన్స్‌లో పోండి. ఎన్టీఆర్ వైద్య సేవలో ఉన్నోళ్లు ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని కలిసి, మళ్లీ చేరాల్సి వస్తే, రివ్యూకి వస్తే ఏది కార్డు మీద అవుద్దో డిశ్చార్జ్‌కి ముందే అడిగి పెట్టుకోండి.

ఊరు దూరమైతే, సీతారామపురం, ఉదయగిరి, కనిగిరి ఇట్టాంటి చోట్లకి పోయేవాళ్లు వీలుంటే మూడు నాలుగు రోజులు నెల్లూరులోనో ఒంగోలులోనో చుట్టాలింట్లో ఉండి పోండి. అర్ధరాత్రి ఆయాసం వస్తే రెండు గంటల దారి చాలా పెద్ద దారి. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెడితే కరెంటు పోయినప్పటికి సిలిండర్ ఒకటి పక్కన ఉండాలి, పొయ్యికి దూరంగా. రోహిణి కార్తె ఎండల్లో అయితే నీళ్ల లెక్క డాక్టర్‌ని అడిగి రాయించుకోండి, గుండె, కిడ్నీ మనుషులకి ఎక్కువైనా తక్కువైనా కష్టమే.

అమెరికాలో చూస్తే సెప్సిస్ నుంచి బతికి ఇంటికి పోయిన పెద్ద వయసోళ్లలో నూటికి సుమారు 40 మంది 90 రోజుల్లోపలే మళ్లీ ఆస్పత్రిలో చేరారు, అందులో చాలావరకు మళ్లీ ఇన్ఫెక్షనే, లేదా గుండె, ఊపిరి, కిడ్నీ. అందుకే మూడు నెలలు బుక్కు పారెయ్యబాకండి. కండలు కరిగిపోయి ఉంటయ్, మెట్లెక్కలేరు, చేతిలో గ్లాసు వణుకుద్ది, కొంతమందికి ఐసీయూ కలలు వచ్చి రాత్రి కేకేసి లేస్తారు, మతిమరుపు వచ్చుద్ది, విసుగు పెరుగుద్ది. దీనికి 2010లో డాక్టర్లు పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. బద్ధకం అని తిట్టొద్దు, రోజూ కాస్త కాస్త నడిపించండి, గుడ్డు, చేప, పప్పు పెట్టండి, కిడ్నీ బాగాలేనోళ్లకి మాత్రం ఎంత పెట్టాలో అడిగి. రెండు వారాలైనా నిద్ర, భయం తగ్గకపోతే రివ్యూలో ఆ మాట కూడా చెప్పండి.

బుక్కు చివరి పేజీలో పెద్ద అక్షరాలతో 108, వార్డు ఫోన్ నంబరు, డాక్టర్ రివ్యూ తేదీ, పేషెంట్ వాడే మాత్రల పేర్లు రాసి, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి పోయినా ముందు ఆ పేజీ చూపించండి. ఇంటికి పోయిన మొదటి వారం రోజూ రెండు పూటలా ఊపిరి లెక్కేయండి, దీపం పెట్టే వేళ ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. 25, ఆపైన ఉంటే తెల్లారేదాకా ఆగబాకండి, 108 కి ఫోన్ చెయ్యండి.